తాటిచెట్టు బండ మీదికొచ్చిన చోటు

మా హైస్కూల్లో బొమ్మల ఎగ్జిబిషన్ పెట్టిన రోజు నా బొమ్మ ముందు ఆరుగురు పెద్దమనుషులు అరగంట సేపు కదలకుండా నిలబడ్డారు. పక్కనున్న చార్మినార్‌ను ఒక్కరూ చూడలేదు. అటుపక్క జింకలు గడ్డి మేస్తున్నాయి, వాటినీ చూడలేదు. నేను చేతులు కట్టుకుని, మెడ రెండంగుళాలు పొడుగు చేసుకుని, ఇంత బాగా వేశానా అని నాలో నేనే మురిసిపోయాను. తెలివితక్కువతనానికి కూడా ఒక హద్దుంటుంది. ఆ రోజు నాకు అది లేదు.

పందొమ్మిది వందల తొంభై ఎనిమిది, డిసెంబరు నెల. నేను పదో తరగతి. నా పేరు యమున. మా బాపు లింగస్వామి శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. నా బొమ్మ ముందు నిలబడ్డ ఆ ఆరుగురూ కూడా అదే చెరువులో చేపలు పట్టేవాళ్ళు. ఈ ముక్క దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. చేపలు పట్టేవాళ్ళు బొమ్మలు చూడ్డానికి అరగంట ఎందుకు నిలబడతారు? పొగడ్త మీదున్న ఆశ నా కళ్ళు కప్పేసింది.

ఆ ఎగ్జిబిషన్ మా డ్రాయింగ్ సారు కృష్ణారావు గారి పట్టుదల. మా బళ్ళో ఆయనకున్న విలువ గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. లెక్కల సారుకు పాఠం మిగిలిపోతే డ్రాయింగ్ పీరియడ్ ఆయన తీసుకునేవాడు. సైన్సు టీచరుకు మిగిలిపోతే ఆమె తీసుకునేది. ఎవరికీ ఏమీ మిగలకపోతే మా చేత గ్రౌండులో రాళ్ళు ఏరించేవారు. పదకొండేళ్ళు ఓపిక పట్టి, ఆ ఏడాది కృష్ణారావు సారు హెడ్మాస్టరు గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నారట. పిల్లల బొమ్మలు పెడతాను, ఆదివారం పెడతాను, తల్లిదండ్రుల్ని పిలుస్తాను, పట్నం నుంచి పెద్ద ఆర్టిస్టును తెస్తాను, ఒప్పుకుంటేగానీ లేవను అన్నారట. హెడ్మాస్టరు భోజనానికి లేటవుతోందని ఒప్పేసుకున్నాడు.

"ఒక్కటే షరతు," అని సారు మాకు చెప్పారు. "మీ కండ్లతోని చూసిందే వెయ్యాలె. క్యాలెండర్ చూసి వేసినా, నోటు పుస్తకం అట్ట చూసి వేసినా, ఎంత మంచిగున్నా పక్కకు పెడ్త."

మొదటి బహుమతి వచ్చినవాళ్ళకు కప్పులూ ప్లేట్లూ ఇవ్వరు. ఎండాకాలం సెలవుల్లో పట్నంలో ఆ ఆర్టిస్టు శేషారత్నం మేడం దగ్గరే పదిహేను రోజులు బొమ్మల క్లాసు. ఉండడం, తినడం, రంగులు అన్నీ వాళ్ళవే. రంగులు ఎన్ని కావాలంటే అన్ని. ఈ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు. నా రంగుల డబ్బాలో నీలం బిళ్ళ అరిగిపోయి కింద రేకు కనబడుతోంది. చెరువు వేసేదానికి నీలం లేకపోతే ఎట్లా? తెల్లబట్టలకు పెట్టే నీలిమందు కలుపుకుని వేశాను. అమ్మ రెండు వారాలు నీలిమందు సీసా ఇల్లంతా వెతికింది. ఆ క్లాసుకు పోకపోతే చచ్చిపోతానని నిజంగానే అనుకున్నాను. పదిహేనేళ్ళ వయసులో నేను తక్కువలో తక్కువ అనుకునేది అదే.

ఇక చెరువు సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఆ ఆరుగురూ ఎందుకు నిలబడ్డారో మీకు తెలియదు.

మా చెరువులో చేపలు పట్టేవాళ్ళ సంఘం చేపపిల్లల్ని తెచ్చి వదిలితే పెరిగే బొచ్చెలు, రవ్వలు అందరివీ. అందరూ కలిసి పడతారు, కలిసి పంచుకుంటారు. కానీ కొర్రమట్టను, అదే కొరమీనును, ఎవరూ తెచ్చి వెయ్యరు, అది దానంతట అదే పుట్టి పెరుగుతుంది. అందుకని ఎవరి వలకు పడితే వాళ్ళది. ఇదీ మా సంఘం కట్టుబాటు. ఇంకో కట్టు కూడా ఉంది. ఒకడు వల వేసి ఉన్నచోట ఇంకొకడు వెయ్యకూడదు. ఖాళీగా ఉంటే మాత్రం ఎవడైనా వెయ్యొచ్చు, ముందు వచ్చినవాడిదే ఆ పూట.

కొర్రమట్టకు దాక్కునే చోటు కావాలి. మా చెరువు అడుగున అలాంటి చోటు ఒకటుంది. ఒకప్పటి కరువులో నీళ్ళు బాగా వెనక్కి పోయినప్పుడు, మా అవ్వ ఐలమ్మ వాళ్ళ మామ చెరువు శిఖంలో, అంటే నీళ్ళు తీసిన నేలలో, మడి వేసుకుని బావి తవ్వాడు. అవ్వ కొత్త కోడలిగా ఆ బావిలోంచే నీళ్ళు తోడిందట. మరుసటి ఏడు వాన కొట్టింది, చెరువు నిండింది, బావి మునిగింది. మళ్ళీ బయటపడలేదు. కొర్రమట్టలు మాత్రం దాన్ని మరిచిపోలేదు.

చెరువు అడుగున బావి ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఎక్కడుందో మా బాపుకు మాత్రమే తెలుసు. అంత నీళ్ళలో గుర్తు పెట్టుకోవడం ఎలా అంటారా? గట్టు మీదున్న వాటిని చూసి. పడమటి గుట్ట మీద పెద్ద గుండ్రటి బండ ఉంది. దాని ముందు, గుట్ట కింద ఒంటి తాటిచెట్టు. తెప్ప మీద పోతూ ఉంటే చెట్టు మెల్లగా జరిగి జరిగి ఒకచోట సరిగ్గా బండ నడినెత్తిన నిలబడినట్టు కనబడుతుంది. ఇటు కట్ట మీద తూము గది ఉంది. దాని వెనక ఊళ్ళో నీళ్ళ టాంకీ. అది కూడా జరుగుతూ వచ్చి ఒకచోట తూము గది తల మీద కూర్చుంటుంది. చెట్టు బండ మీద, టాంకీ తూము మీద, రెండూ ఒక్కసారే కుదిరిన చోట తెప్ప ఆపితే కింద మా బావి.

ఇది బాపుకు వాళ్ళ తాత చెప్పాడు. బాపు నాకు చెప్పాడు. రెండు లారీ ట్యూబులు కలిపి కట్టి, పైన చెక్క పరిచిన మా తెప్ప మీద ఆదివారాలు నేనే కదా తోడు పోయేదాన్ని.

"మీ అమ్మకు గూడ చెప్పొద్దు," అన్నాడు బాపు. "ఆమె మంచిదే, గని బోరింగు కాడ నిలవడితె నోరు ఆగదు."

నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మ మీద ఒట్టు, ఒక్క మాట నోరు జారలేదు. మా సిద్దయ్య కాక నన్ను ఎన్నిసార్లు అడిగాడో! సిద్దయ్య కాక బాపుకు వరుసకు తమ్ముడు. మనిషి మంచివాడే, కానీ మూడేళ్ళుగా మా తెప్ప వెనక తన తెప్ప వేసుకుని తిరగడమే పనిగా పెట్టుకున్నాడు. ఆయన కోసమే బాపు ఉత్తపుణ్యానికి మూడుచోట్ల ఆగి, ఏమీ పడని చోట వల వేసి, ఎంతో పడ్డట్టు నవ్వి, కాక అక్కడ ఆగిపోయాక బావి దగ్గరికి వచ్చేవాడు. కాక నాకు బొంగుపేలాలు కొనిచ్చాడు, జాంపండ్లు కొనిచ్చాడు. అన్నీ తిన్నాను. ఏమీ చెప్పలేదు.

నోటితో చెప్పలేదు. బొమ్మ వేసి పెట్టాను.

సారు చూసింది వెయ్యమన్నారు. నేను ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువసేపు చూసింది ఏమిటి? బాపు వల దింపుతుంటే తెప్ప మీద కూర్చుని, చలికి మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, రెండేళ్ళ ఆదివారాలన్నీ చూసిన చెరువు. కుడిపక్క గుట్ట, బండ, దాని మీద నిలువుగా తాటిచెట్టు. ఎడమపక్క కట్ట, తూము గది, దాని తల మీద టాంకీ. మధ్యలో నీళ్ళు. బావి వెయ్యలేదు, వల వెయ్యలేదు, చేప వెయ్యలేదు. ఇందులో చెప్పకూడనిది ఏముంది? నాకు అది బావి జాడ అని తట్టనే లేదు. రోజూ చూసే ఇంటి గోడలాగా అయిపోయింది నాకది. షీటు మీద 'మా చెరువు' అని పేరు రాసి సారు చేతికిచ్చేశాను.

ఆదివారం వచ్చింది. తొమ్మిదో తరగతి గదిలో బల్లలు బయట పెట్టి, గోడ నుంచి గోడకు సుతిలి తాళ్ళు కట్టి, బట్టల క్లిప్పులతో బొమ్మలు వేలాడదీశారు. సారు ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్రతి పది నిమిషాలకు వంకర లేని బొమ్మల్ని కూడా సర్దుతూ తిరిగారు. చార్మినార్ వేసిన అరుణ్ జన్మలో పట్నం పోలేదు, అయినా కళ్ళతోనే చూశానని వాదించాడు. రోజారాణి జింకల పార్కుకు పోయి జింకల్ని చూసే వేసింది పాపం. కాకపోతే వాటి మొహాలు మా హెడ్మాస్టరు మొహంలా వచ్చాయి. ఆయన వచ్చి చాలాసేపు చూసి, "బాగున్నది, ఎక్కడ్నో చూసినట్టున్నది," అని పోయాడు.

చేపల అమ్మకం పదింటికల్లా అయిపోయింది. పదకొండుకు పిల్లల తండ్రులు రావడం మొదలుపెట్టారు. ముందు సిద్దయ్య కాక వచ్చాడు. కొడుకు అరుణ్ వేసిన చార్మినార్ దగ్గర అలా ఆగి, తల ఇటు తిప్పాడు. నా బొమ్మ మీద ఆయన చూపు పడింది. అంతే, అక్కడే నిలబడిపోయాడు. కాసేపటికి బయటికి పోయి ఇంకో ఐదుగురిని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళలో సంఘానికి పెద్ద, ముసలి గౌరయ్య తాత కూడా ఉన్నాడు.

"మస్తు ఏసినవ్ బిడ్డా," అన్నాడు కాక. గొంతులో తేనె కారుతోంది. "గీ తాటిచెట్టు బండ మీదనే ఉంటదా? కొంచెం ఇటు గాదా?"

"కాదు కాకా, నడిమధ్యల్నే! ఉన్నదున్నట్టు ఏసిన," అన్నాను నేను.

"మరి టాంకీ? తూము మీదికే వచ్చిందా గప్పుడు?"

"ఆఁ, గప్పుడే! రెండు ఒక్కపారే."

కాక వెనక ఎవరో గుటక మింగిన చప్పుడు వినబడింది. కాక బొమ్మ మీద జానతో కొలిచాడు, తర్వాత వేళ్ళతో కొలిచాడు. జేబులోంచి బీడీల కట్ట కాగితం తీసి, అరుణ్ చేతిలో పెన్సిలు గుంజుకుని ఏదో గీసుకోసాగాడు. ఒక బండ, ఒక చెట్టు, ఒక గది, ఒక టాంకీ. అది చూశాక అప్పుడు నా మట్టిబుర్రకు వెలిగింది.

బొమ్మను చేతులతో కప్పేద్దామా అనిపించింది, కానీ ఆరుగురూ చూసేశారు. సరిగ్గా అప్పుడు బాపు వచ్చాడు. తలకు నూనె రాసుకుని, పెండ్లిళ్ళకు వేసే తెల్లచొక్కా వేసుకుని, నవ్వుకుంటూ వచ్చాడు. జనం అంతా తన బిడ్డ బొమ్మ ముందే ఉన్నారని గుమ్మంలోంచే చూసి ఛాతీ పెంచాడు. దగ్గరికొచ్చి బొమ్మ చూశాడు. సిద్దయ్య చేతిలో కాగితం చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

బాపు నన్ను ఎన్నడూ కొట్టలేదు. ఆ చూపు కంటే రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

మరుక్షణం పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు. "ఏంది పిల్లా గిది? తాటిచెట్టును దీస్కపోయి బండ మీద పెట్టినవ్? గట్ల యాడ కనవడ్తది? చెట్టు గుట్టకు గింత ఇవతలుంటది. గీ టాంకీ ఏంది, తూము మీదికి ఎక్కింది? అంత తప్పు! మతికొచ్చినట్టు గీసింది, సూడుండ్రి." అందరి వైపూ తిరిగి చేతులు ఊపి మరీ చెప్పాడు.

ఎందుకంటున్నాడో నాకు తెలుసు. తెలిసినా ఒళ్ళు మండిపోయింది. నీలిమందు వాసనతో నెల రోజులు వేళ్ళు పట్టుకుపోయేలా వేసిన బొమ్మ అది. తప్పట! ఒక్క గీత తప్పు లేదు, అదే దానితో వచ్చిన తంటా.

ఇంకా ఘోరం ఏమిటంటే, బాపు ఆ మాటలంటున్నప్పుడే కృష్ణారావు సారు, శేషారత్నం మేడం గుమ్మంలో ఉన్నారు. ఆమెకు అరవై ఏళ్ళుంటాయి. నేత చీర, లావు కళ్ళద్దాలు, చేతిలో మార్కుల కాగితం. తిన్నగా నా బొమ్మ దగ్గరికే వచ్చారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఈ నీళ్ళు ఎవరు వేశారు? నువ్వేనా అమ్మాయ్? నీళ్ళు చాలా బాగున్నాయి. ఈ నీలం ఎక్కడిది?"

"బట్టల నీలిమందు మేడం."

ఆమె నవ్వారు. నా ప్రాణం కొంచెం లేచి వచ్చింది. తర్వాత ఆమె కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"కానీ ఇదేమిటి? చెట్టు సరిగ్గా బండ నెత్తిన ఉంది. ఇటు టాంకీ కూడా సరిగ్గా గది నెత్తిన ఉంది. ఏదో ఒకటి అలా కుదిరిందంటే నమ్ముతాను. రెండూ ఒకేసారి కుదరడం అరుదమ్మా. ఇంట్లో కూర్చుని అందంగా అమర్చినట్టుంది. ఇది నువ్వు చూసి వేసిందా, ఊహించి వేసిందా?" అని బాపు వైపు చూశారు. "మీరు కూడా తప్పన్నారు ఇందాక."

సిద్దయ్య కాక పెన్సిలు ఆపాడు. ఆరుగురి కళ్ళూ నా నోటి మీదే ఉన్నాయి. చూసి వేశానంటే బావి పోతుంది. రేపటి నుంచి ఎవడు ముందు లేస్తే వాడిదే. ఊహించి వేశానంటే పట్నం క్లాసు పోతుంది, సారు షరతు ప్రకారం బొమ్మే పక్కకు పోతుంది. నేను బాపును చూశాను. ఆయన నేలను చూస్తున్నాడు.

"మతికొచ్చినట్టు ఏసిన మేడం," అన్నాను. "గట్ల యాడ కనవడదు."

కృష్ణారావు సారు మొహం పాలిపోయింది. మేడం "అయ్యో" అని మెల్లగా అని, కాగితం మీద ఏదో రాసి, పక్కనున్న చార్మినార్ దగ్గరికి జరిగారు. నేను ఏడవలేదు. ఏడిస్తే అబద్ధమని తెలిసిపోతుందని పెదవి కొరుక్కుని, కిటికీలోంచి గ్రౌండులోకి చూస్తూ నిలబడ్డాను. గ్రౌండులో ఏమీ లేదు, మేము ఏరి కుప్ప పోసిన రాళ్ళు తప్ప.

"ఓ మేడమమ్మా."

బాపు గొంతు అది. మేడం వెనక్కి తిరిగారు.

"పిల్ల అబద్ధం ఆడింది. నేనే ఆడిపిచ్చిన."

"బాపూ, వద్దు," అన్నాను నేను.

"నువ్వాగు." బాపు బొమ్మ దగ్గరికొచ్చి, రంగు అంటకుండా గాలిలోనే వేలు పెట్టి చూపించాడు. "ఈ చెట్టు ఇట్లనే కనవడ్తది. ఈ టాంకీ ఇట్లనే కనవడ్తది. చెరువంత తిరిగినా ఇంకో జాగల కనవడదు, గా ఒక్క జాగల్నే. ఆడ మా తాత తవ్విన బాయి ఉన్నది, నీళ్ళ కింద. కొర్రమట్టలు ఆడ ఉంటయి. ఈ పిల్ల రెండేండ్లు నా పక్కన తెప్ప మీద కూసోని, సలికి వణుక్కుంట సూసి ఏసింది. ఒక్క గీత తప్పు లేదు. నేను నా కడుపు కోసం తప్పన్న."

ఒక్క దమ్మున చెప్పేసి, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అంత మంది ముందు బాపు అన్ని మాటలు మాట్లాడటం నేనెన్నడూ చూడలేదు. ఆయన తాత మొదలు దాచుకున్నదాన్ని, నేను బీడీ కాగితం మీదికి ఎక్కించినదాన్ని, నోటితో కూడా ఇచ్చేశాడు. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. ముక్కు కారేలా ఏడ్చాను.

మేడం మళ్ళీ బొమ్మ దగ్గరికి వచ్చారు. "అంటే ఆ ఒక్క చోటు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచి చూసినా ఇలా ఉండదన్నమాట."

"రెండు బారలు పక్కకు జరిగినా ఉండదమ్మా."

ఆమె కాగితం మీద రాసింది కొట్టేశారు. "కృష్ణారావు గారూ, కళ్ళతో చూసిందే వెయ్యమన్నారు కదా మీరు. ఇంతకంటే ఎట్లా చూస్తారండీ?" అన్నారు. సారు చొక్కా జేబులో లేని రుమాలు కోసం వెతుక్కున్నారు.

సాయంత్రం నాలుగింటికి మైకులో నా పేరు పిలిచారు. మొదటి బహుమతి. చప్పట్లలో అందరికంటే గట్టిగా కొట్టింది సిద్దయ్య కాకే. ఆయన ఆనందానికి కారణాలు ఆయనకున్నాయి.

ఇంటికి నడుస్తుంటే సగం దారిలో నేనే ఆగలేక, "బాయి పాయె గదా బాపూ," అన్నాను.

"పోతె పోయింది తియ్యి. కొర్రమట్టకు ఈత రాదా? ఇంకో జాగ సూసుకుంటది. దాని ఎనకనే మనం బోదాం." కొంచెం దూరం నడిచి మళ్ళీ అన్నాడు. "నువ్వు నా మొకం సూసి అబద్ధం ఆడినప్పుడు గుండె కలుక్కుమన్నది బిడ్డా. మా తాత గా బాయి మాకు తినవెట్టనీకె తవ్విండు గని, నీ నోట్ల మన్ను గొట్టనీకె గాదు."

ఇంట్లో అవ్వ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "నా మామ తవ్విన బాయిని బడిల తాడుకు ఏలాడదీసినవా?" అని అన్నం తినేదాకా తిట్టింది. తిన్నాక, పట్నానికి పోయేటప్పుడు ఏ లంగా వోణీ వేసుకుంటావని అడిగింది.

తెల్లారి సోమవారమైనా బడి సంగతి పక్కన పెట్టి బాపుతో చెరువుకు పోయాను. మా బావి మీద ఎన్ని తెప్పలు మూగి ఉంటాయో నా కళ్ళతో చూడాలి, అది నాకు శిక్ష అనుకున్నాను. మంచు ఇంకా విడవలేదు. కట్ట మీద సిద్దయ్య కాక వలలు భుజానేసుకుని మిగతావాళ్ళకు ఏదో చెబుతున్నాడు. మేము కింద తెప్ప విప్పుతున్నామని ఆయన చూసుకోలేదు.

"లింగన్న ముందుగాల తప్పన్నడు. గప్పుడు నేను పక్కా అనుకున్న, బొమ్మ కరెక్టని. కాయితం మీద గీసుకున్న గూడ. మల్ల ఏం జేసిండు? గంత మంది ముంగట ఈడనే బాయి ఉన్నదని తనే ఒర్రిండు! మీరే చెప్పుండ్రి, నిజంగ బాయి ఉన్నోడెవడన్న ఒర్రి చెప్తడా?"

"చెప్పడు," అన్నారు ఎవరో.

"మనల్నందర్ని ఆడికి తోలి, తను ఇంకోదిక్కు వట్టుకుంటడు. మూడేండ్ల సంది సూస్తున్న, నాకు తెల్వదా ఆయన ఆటలు? బిడ్డ ఏడుపు గూడ ఆటనే. పాండ్రి, తుమ్మచెట్ల దిక్కు పోదాం."

బీడీ కాగితం ఉండ చుట్టి నీళ్ళలోకి విసిరేశాడు. అది తేలుకుంటూ మా తెప్ప దగ్గరికే వచ్చింది. బాపు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. నవ్వు ఆపుకోలేక తెడ్డు వదిలేస్తే నేను పట్టుకున్నాను.

ఆ పొద్దు మూడేళ్ళలో మొదటిసారి మేము ఎక్కడా ఉత్తుత్తిగా ఆగలేదు. తిన్నగా పోయాం. తాటిచెట్టు జరిగి జరిగి బండ మీద నిలబడింది. టాంకీ వచ్చి తూము మీద కూర్చుంది. అందరూ చూస్తుండగానే బాపు వల దింపాడు. దూరంగా తుమ్మల దగ్గర నుంచి కాక కేక వేశాడు, "తెలుసు లే లింగన్నా! మమ్ముల నమ్మియ్యనీకె ఆడ నిలవడ్డవ్!" బాపు చెయ్యి ఊపాడు.

ఒక్క తెప్ప మాత్రం మా వైపు వచ్చింది. గౌరయ్య తాతది. మాకు బారెడు దూరంలో ఆగాడు. తల తిప్పి బండ వైపు చూశాడు, చాలాసేపు. తర్వాత తూము వైపు చూశాడు. నీళ్ళలోకి చూశాడు. బాపు నవ్వు ఆగిపోయింది. తాతకు తెలిసిపోయిందని నాకు కూడా తెలిసింది. డెబ్బై ఏళ్ళుగా చెరువు మీద ఉన్న మనిషి.

"మంచిగ ఏసినవ్ పిల్లా," అన్నాడు తాత. "గని నా కండ్లకు మసకలొచ్చినయి. నాకు ఏ చెట్టు కనవడ్తలేదు, ఏ టాంకీ కనవడ్తలేదు." తెప్ప తిప్పుకుని తుమ్మల వైపు నెమ్మదిగా పోయాడు.

వల తీస్తే రెండు కొర్రమట్టలు పడ్డాయి. ఒకటి నా మోచెయ్యంత ఉంది. బాపు దాన్ని తడిగోనెలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "ముందుగాల గిది గౌరయ్య తాత ఇంట్ల ఇచ్చి, గప్పుడు బడికి పో."

నేను వాళ్ళ ఇంటికి పోయేసరికి తాత అప్పటికే వచ్చి అరుగు మీద ఎండకు కూర్చున్నాడు. వాళ్ళ ముసలమ్మ గోనె విప్పి కళ్ళు పెద్దవి చేసింది. "అబ్బో, గింత పెద్దదా! యాడ దొరికింది బిడ్డా?"

రెండేళ్ళుగా ఎవరడిగినా చెప్పని మాట. ఇప్పుడు ధైర్యంగా చెప్పాను. "తాటిచెట్టు బండ మీదికొచ్చిన కాడ, అవ్వా. మా బాయిల."

తాత కళ్ళు మూసుకునే ఉన్నాడు. మీసాల కింద నవ్వు మాత్రం ఆగడం లేదు.

"అబద్ధాలాడకు పిల్లా," అన్నాడు.